చిరిగిన కప్ప

జంతుశాస్త్రం చదివే పిల్లలు ఇకమీదట కప్పను కోయరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చాక, గోదావరి గట్టున ఉన్న ఆ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల కప్పలన్నీ ఊపిరి పీల్చుకున్నాయి. డాక్టర్ మేడిశెట్టి వకుళకి మాత్రం ఊపిరాడలేదు. ఎమ్మెస్సీ వాళ్ళకి కప్ప శరీర నిర్మాణం చెప్పాల్సింది ఆమే. సిలబస్‌లోంచి కప్పను తీసెయ్యమని ఏ ఉత్తర్వులోనూ లేదు. అంచేత కప్ప లేకుండా కప్పను కోయించే బాధ్యత ఆమె మీద పడింది.

నాలుగేళ్ళపాటు ఆమె గోడకు వేలాడే పటం ముందు నిలబడి, చేతిలో కత్తెర పట్టుకుని గాలిలో కోస్తూ పాఠం చెప్పింది. కిటికీలోంచి పడే ఎండకి పటంలో కాలేయం వెలిసిపోయి గుండె రంగులోకి వచ్చింది. గుండె బొత్తిగా కనిపించకుండా పోయింది. ఆ నాలుగేళ్ళలో చదివి వెళ్ళినవాళ్ళు కప్పకు గుండె ఉండదని ఎక్కడైనా రాసేశారేమోనని ఆమెకు ఇప్పటికీ దిగులే.

ఇలా కాదని, కంప్యూటరులో కోసుకునే కప్ప కావాలని అర్జీ పెట్టింది. తెర మీద కప్ప కనిపిస్తుంది. కత్తెర గుర్తు కదిపితే పొట్ట తెరుచుకుంటుంది. అవయవాలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకోవచ్చు. అంతా అయ్యాక ఒక మీట నొక్కితే కప్ప మళ్ళీ నిండుగా లేచి కూర్చుని బెకబెకమంటుంది. కప్పకు నొప్పి లేదు, పిల్లలకు కంపు లేదు. అయినా ఫైలు ఆర్థికాధికారి బల్ల దగ్గర ఆగిపోయింది. ప్రయోగశాల పద్దు కింద గాజుసామానూ రసాయనాలూ మాత్రమే కొనాలట. ఈ కప్ప గాజూ కాదు, రసాయనమూ కాదు.

చివరికి ఒక మార్చి నెలలో, గ్రంథాలయానికి 'డిజిటల్ వనరులు' అనే పద్దు కింద వచ్చిన సొమ్ము ఖర్చుకాకుండా ఉండిపోయిందని బయటపడింది. ఖర్చుకాకపోతే వెనక్కి పోతుంది. సొమ్ము వెనక్కి పోవడం కంటే కప్ప ముందుకు రావడమే విశ్వవిద్యాలయానికి గౌరవమని పెద్దలు భావించారు. అలా కప్ప గ్రంథాలయంలో కాలుపెట్టింది.

కబురు తెలియగానే వకుళ క్లాసు మధ్యలో ఆపేసి గ్రంథాలయానికి పరుగెత్తింది. గుమ్మంలో అటెండరు యోహాను ఎదురయ్యాడు.

"కప్ప కోసవేనాండి? ఆయ్, వచ్చిందండి. రాజుగారు పొద్దున్నించీ దాని పనిమీదే ఉన్నారండి."

రాజుగారంటే గ్రంథాలయాధికారి పేరిచర్ల విశ్వపతిరాజు. ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క పుస్తకం కూడా పోనివ్వలేదని ఆయనకు పేరు. ఎలా పోనివ్వలేదని ఎవరూ అడగరు. బయటికి ఇస్తే కదా, పోవడానికి. అలాగని చెడ్డవాడు కాదు. పుస్తకాలంటే ప్రాణం. వర్షం వస్తే ఇంట్లో పెళ్ళాంపిల్లలు తడుస్తున్నారా అన్నది తర్వాత, ముందు కిటికీ పక్క బీరువాల దగ్గరికి పరుగెత్తే మనిషి.

"కప్ప వచ్చిందటగా రాజుగారూ!" అంది వకుళ ఆయాసంతో.

"వచ్చిందండి మేడమ్ గారూ. నంబరు కూడా వేశాం. ముద్ర ఎక్కడ వెయ్యాలో తెలియక కాసేపు ఇబ్బంది పడ్డాం. చివరికి పాస్‌వర్డు వచ్చిన కాగితం మీద వేశాం."

"ఆ పాస్‌వర్డు ఇప్పిస్తే పిల్లలకి చెప్పేస్తాను."

విశ్వపతిరాజు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చెప్పెయ్యడమంటే?"

"అంటే... అందరూ ఎవరి కంప్యూటరులో వాళ్ళు తెరుచుకుంటారు కదండీ."

"మేడమ్ గారూ, మన గ్రంథాలయ నియమావళి ప్రకారం ఇక్కడుండే వస్తువులు రెండే రకాలు. గ్రంథాలూ, ఫర్నిచరూ. ఈ కప్ప మీద కూర్చోలేం గనక ఇది ఫర్నిచరు కాదని నిర్ధారించుకున్నాం. కాబట్టి గ్రంథం. ఎన్ని ప్రతులు కొన్నాం? ఒకటి. ఒక ప్రతి ఒక పాఠకుడికి, రెండు వారాల గడువు."

"కప్పని అమ్మినవాళ్ళే చెప్పారండీ, యూనివర్సిటీ మొత్తం ఒకేసారి వాడుకోవచ్చని."

"వాళ్ళు అమ్ముకునేవాళ్ళు, ఏదైనా చెబుతారు. ఒకే పుస్తకం ఊరందరి చేతుల్లోనూ ఒకేసారి ఉంటే ఇంక గ్రంథాలయం ఎందుకండీ? నేనెందుకు?"

ఆ చివరి మాట ఆయన వాదన కోసం అన్నది కాదు, నిజంగానే అడిగాడు. వకుళ గట్టిగా మాట్లాడలేకపోయింది.

"సరే, నా పేరు మీదే ఇవ్వండి మరి."

"ఇద్దునండి. కానీ కరుణాకరంగారు పట్టుకెళ్ళారు."

తాతపూడి కరుణాకరం ఆర్థికశాస్త్రంలో ప్రొఫెసరు, పదవీ విరమణకు దగ్గర పడ్డవాడు. గ్రంథాలయానికి ఏ కొత్త పుస్తకం వచ్చినా ముందు తన బల్ల మీదికి రావాలన్నది ఆయన పట్టుదల. చదువుతాడా అంటే అది వేరే సంగతి. కప్ప విషయంలోనూ ఆ సంప్రదాయమే నడిచింది. పాస్‌వర్డు మాత్రం ఆయనకూ చెప్పలేదట. విశ్వపతిరాజే ఆయన గదికి వెళ్ళి, ఆయన్ని గోడవైపు తిరగమని, తానే టైపు చేసి, కాగితం మళ్ళీ ఇనప్పెట్టెలో పెట్టుకుని వచ్చాడు.

వకుళ కరుణాకరం గదికి వెళ్ళేసరికి ఆయన కుర్చీని కంప్యూటరుకు వీలైనంత దూరంగా లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"రామ్మా, రా. నీ జంతువే కదూ ఇది? తీసుకుపోదువు గాని. ఏదో నొక్కానమ్మా, అమాంతం పొట్ట తెరుచుకుంది! లోపల ఏదో కొట్టుకుంటోంది కూడాను. మధ్యాహ్నం అన్నం సయించలేదు."

"కొట్టుకునేది గుండెండి సార్. ఏం ఫరవాలేదు, తిరిగి ఇచ్చేయండి చాలు."

తిరిగి ఇచ్చే కార్యక్రమం మర్నాడు గ్రంథాలయంలో జరిగింది. విశ్వపతిరాజు తన కంప్యూటరులో కప్పను తెరిచాడు. వెల్లకిలా పడుకుని, పొట్ట నిలువునా తెరుచుకుని, గుండె కొట్టుకుంటూ కప్ప కనిపించింది. ఆయన ముఖం పాలిపోయింది.

"చిరిగింది," అన్నాడు.

"చిరగడమేంటండీ, కోశారు," అంది వకుళ.

"అంటే కావాలనే చింపారన్నమాట. మరీ ఘోరం. 'గ్రంథాలయ వనరులను చింపుట, కత్తిరించుట, వాటిపై గీతలు గీయుట శిక్షార్హము.' కరుణాకరంగారికి నోటీసు వెళుతుంది."

"రాజుగారూ, దాన్ని కొన్నదే కోయడానికండీ!"

"కొన్నది మీ విభాగం కాదు మేడమ్ గారూ, గ్రంథాలయం. గ్రంథాలయం కోయడానికి ఏదీ కొనదు."

సాయం చేద్దామనుకుని వకుళ అప్పుడొక పొరపాటు చేసింది. "ఇదిగో చూడండి, ఏమీ కాలేదు," అంటూ చెయ్యి చాపి, తెర మూలనున్న మీట నొక్కింది. పేగులు, కాలేయం, గుండె గబగబా లోపలికి వెళ్ళి సర్దుకున్నాయి. పొట్ట మూసుకుంది. కప్ప బోర్లా తిరిగి కూర్చుని, హాలంతా మారుమోగేలా అరిచింది. పేపరు చదువుకుంటున్న ఇద్దరు తలలెత్తి "ష్!" అన్నారు.

విశ్వపతిరాజు తెర వంకా, రిజిస్టరు వంకా మార్చి మార్చి చూశాడు. "ఇదెవరిది?"

"అదే కప్పండి."

"అదెలా అవుతుంది? ఇప్పుడే 'చిరిగిన స్థితిలో స్వీకరించబడినది' అని సిరాతో రాశాను. ఇది చిరగలేదు. అంటే రికార్డు ప్రకారం ఇది మనది కాదు. రికార్డు నిజం కావాలంటే ఎవరైనా దీన్ని మళ్ళీ చింపాలి. చింపడానికి నిబంధన ఒప్పుకోదు." ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇటువంటి సంకటం ఎదురవలేదండి."

ఈలోగా నెలాఖరులో ప్రాక్టికల్ పరీక్ష అని నోటీసు బోర్డులో పడింది. పిల్లల్లో షేక్ ఫర్హానాకి అందరికంటే తొందర. ఆమెకు హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. పరీక్ష అయి మార్కులు చేతికి వస్తేనే ఆ సీటు దక్కుతుంది. తండ్రి రావులపాలెంలో టైలరు. కూతురు డాక్టరవుతుందని ఆయన అప్పుడే షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. ఆ డాక్టరు వేరు, ఈ డాక్టరు వేరు అని ఫర్హానా చెప్పి చూసింది గాని ఆయన వినే స్థితిలో లేడు.

"మేడమ్, కప్ప ఎప్పుడు దొరుకుతుందండీ?" అని ఆ పిల్ల రోజూ అడుగుతుంది.

"చూస్తున్నానమ్మా."

"పోనీ వరసలో మా పేర్లు రాయించమంటారా? రెండేసి వారాల చొప్పున..."

"అలా అయితే నీ వంతు వచ్చేసరికి నీకు పీహెచ్‌డీ వచ్చేస్తుంది," అంది వకుళ. ఫర్హానా నవ్వలేదు. వకుళకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నోటీసు అందుకున్న కరుణాకరం మండిపడ్డాడు. కప్పను చింపినందుకు సంజాయిషీ ఇవ్వమంటారా, తన గౌరవం ఏం కావాలి అంటూ ఉపకులపతి దగ్గరికి వెళ్ళాడు. ఉపకులపతి అంతా సావధానంగా విని, విషయం సున్నితమైనదని గ్రహించి, సంఘం వేశాడు.

సంఘం సమావేశంలో వకుళకి గోడ పక్కన కుర్చీ వేశారు. ఉపకులపతి ప్రారంభోపన్యాసం చేశాడు. "మనది డిజిటల్ విశ్వవిద్యాలయం. రానున్న కాలంలో జీవశాస్త్రాల విద్యార్థులూ అధ్యాపకులూ వేళ్ళ కొనల మీదనే సమస్త విజ్ఞానాన్నీ అందుకోవాలన్నది మన దార్శనికత. ఆ దార్శనికతకు కప్ప తొలి మెట్టు. అయితే అసలు కప్ప గ్రంథమా, కాదా?"

తెలుగు ఆచార్యుడు లేచాడు. "గ్రంథమంటే ముడి అని వ్యుత్పత్త్యర్థం. కప్ప పొట్టలో పేగులు చుట్టలు చుట్టుకుని ముడిపడి ఉంటాయి. కాబట్టి కప్ప గ్రంథమే. ఆ మాటకొస్తే చాలా గ్రంథాల కంటే ఇదే ఎక్కువ గ్రంథం." అందరూ బల్లలు చరిచారు.

న్యాయశాస్త్రం ఆచార్యుడు ఇంకాస్త లోతుకు వెళ్ళాడు. "నోటీసు సక్రమమే. అయితే ఒకే మనిషికి ఒకే కప్ప విషయంలో రెండోసారి నోటీసు ఇవ్వడం మాత్రం చెల్లదు. ఇది దృష్టిలో ఉంచుకోవాలి." ఎందుకు ఉంచుకోవాలో ఎవరికీ అర్థం కాలేదు, అయినా తీర్మానంలో రాసుకున్నారు.

వకుళ చెయ్యెత్తింది. "సార్, నెలాఖరుకి పిల్లలకి పరీక్ష. పాస్‌వర్డు చెబితే చాలండి, ఇప్పటికిప్పుడు..."

"మీ ఆవేదన అర్థమైంది మేడమ్," అన్నాడు ఉపకులపతి. "అందుకే అత్యవసరంగా నిర్ణయం తీసుకుంటున్నాం. చిరిగిన గ్రంథానికి ఏం చేస్తాం రాజుగారూ?"

"బైండింగుకి పంపుతామండి."

"పంపండి."

అలా కప్ప బైండింగుకి వెళ్ళింది. అంటే, ముద్ర వేసిన ఆ కాగితం వెళ్ళింది. బైండింగు విభాగంలో జిగురు డబ్బా ముందు కూర్చున్న పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీనికి అట్ట వెయ్యాలా, వెన్నుకు గుడ్డ అంటించాలా అని అడిగాడు. ఎవరూ చెప్పలేకపోయేసరికి ఒక పక్కన పెట్టాడు. ఆ పక్కన పెట్టిన దొంతరలో కిందివి ఆయన ఉద్యోగంలో చేరకముందు వచ్చినవి.

వకుళకి ఏడుపొచ్చింది. తర్వాత కోపం వచ్చింది. రెండూ తగ్గాక ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్ళి విశ్వపతిరాజు ఎదుట కూర్చుంది.

"రాజుగారూ, నాకు నియమావళి చెప్పండి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళలో నియమావళి గురించి విసుక్కున్నవాళ్ళే గాని చెప్పమన్నవాళ్ళు లేరు. "ఏ భాగం కావాలండి?"

"చిరిగిన పుస్తకం బైండింగుకి కూడా లొంగకపోతే చివరికి ఏమవుతుంది?"

విశ్వపతిరాజు కళ్ళలో విచారం కమ్మింది. ఆయనకు అది ఇష్టమైన భాగం కాదు. "కుట్టడానికి వీలుపడదని బైండింగువాళ్ళు రాసిస్తే శిథిల గ్రంథాల తొలగింపు సంఘం వచ్చి కళ్ళారా చూస్తుందండి. బాగుపడదని తేలిస్తే తొలగింపు ముద్ర వేస్తాం. ఆ తర్వాత అది గ్రంథం కాదండి. చిత్తుకాగితం కింద లెక్క. ఏ విభాగంవారైనా అడిగితే ఇచ్చేస్తాం."

"ఇచ్చేశాక వాళ్ళు దాన్ని చింపుకోవచ్చా?"

"చింపుకోవచ్చు, కాల్చుకోవచ్చు, పొట్లాలు కట్టుకోవచ్చు. నేను అటువైపు చూడను."

"ఎంతమంది చింపుకున్నా సరేనా?"

"చిత్తుకాగితానికి పాఠకులు ఉండరు కదండీ, లెక్కపెట్టడానికి." అని ఆయన చప్పున ఆగాడు. ఆమె ఎటు తీసుకెళుతోందో అర్థమైంది. నియమావళి తెరిచి ఆ నిబంధన మీద వేలు పెట్టి మళ్ళీ చదువుకున్నాడు. ఆయన నిజాయితీపరుడు. నిబంధన ఒప్పుకునే చోట తన ఇష్టాన్ని అడ్డుపెట్టడు.

"నిబంధన ప్రకారం తప్పులేదండి," అన్నాడు చివరికి. "కానీ సంఘానికి చిరిగిన కప్పను చూపించాలి. మీరు బాగుచేసేశారు. ఇప్పుడు మళ్ళీ చింపడానికి ఎవరికీ అధికారం లేదు. చింపితే నోటీసు."

"నోటీసు ఇవ్వడానికి వీల్లేని మనిషి ఒకరున్నారుగా," అంది వకుళ.

కరుణాకరం మొదట ససేమిరా అన్నాడు. పొట్ట తెరుచుకోవడం ఒకసారి చూసింది చాలన్నాడు. వకుళ బతిమాలింది. ఫర్హానా వచ్చి తన సీటు సంగతి చెప్పింది. ఇదంతా ప్రొఫెసర్లు చేయాల్సిన పనా అంటూనే ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

కుట్టడానికి వీలుపడదని బైండింగు పెద్దాయన సంతోషంగా రాసిచ్చి కాగితం వెనక్కి పంపేశాడు. మర్నాడు గ్రంథాలయంలో కరుణాకరం కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వకుళ పక్కన నిలబడింది. విశ్వపతిరాజు పాస్‌వర్డు టైపు చేసి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

"కింద, మధ్యలో మొదలెట్టండి సార్. నెమ్మదిగా పైకి. అంతే."

"అయ్యబాబోయ్. తెరుచుకుందమ్మా. ఆ ఎర్రగా అటూ ఇటూ రెక్కల్లా ఉన్నదేంటి?"

"కాలేయమండి. దాన్ని పట్టి పక్కకి లాగండి."

"లాగితే నొప్పెట్టదా?"

"దీనికి నొప్పి లేదండి."

"దీని కింద పచ్చగా చిన్నది?"

"పిత్తాశయం. అదీ తీసెయ్యండి."

పావుగంట గడిచేసరికి కరుణాకరం కుర్చీ ముందుకు జరిగింది. అరగంటకి ఆయన ముక్కు తెరకి తగిలేలా ఉంది. ఊపిరితిత్తులు తీశాడు, మూత్రపిండాలు తీశాడు, పేగులు చుట్టవిప్పి పొడుగ్గా పరిచి, "ఇంత చిన్న జీవికి ఇంత పేగా!" అని ఆశ్చర్యపోయాడు. "నలభయ్యేళ్ళు ఉత్పత్తి, పంపిణీ అని చెప్పానమ్మా. అసలు పంపిణీ ఇక్కడుందని ఎవరూ చెప్పలేదు." గుండె దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది. "ఇదొక్కటీ వదిలేద్దామా?"

"వదిలేస్తే మరమ్మతుకి వీలుందంటారండి," అని గోడవైపు నుంచి విశ్వపతిరాజు గొంతు వినిపించింది.

కరుణాకరం కళ్ళు చికిలించి గుండె కూడా తీసి పక్కన పెట్టాడు.

శిథిల గ్రంథాల తొలగింపు సంఘం సాయంత్రానికల్లా వచ్చింది. సభ్యులు తెర మీద తునాతునకలైన కప్పను చూసి, జేబురుమాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకుని, 'బాగుచేయుటకు ఏమాత్రము వీలుకాని స్థితి' అని రాసి, సంతకాలు పెట్టి, టీ తాగకుండానే వెళ్ళిపోయారు. విశ్వపతిరాజు ముద్ర తీసి, దాన్ని చాలాసేపు సిరామెత్త మీద అద్ది, కాగితం మీద వేశాడు. 'తొలగించబడినది.' కాగితం వకుళ చేతికిచ్చి, "జాగ్రత్తండి," అన్నాడు. చిత్తుకాగితం ఇస్తూ ఆయన అలా అనడం అదే మొదటిసారి.

మర్నాడు జంతుశాస్త్రం ల్యాబులో కప్పను అందరూ ఒకేసారి తెరిచారు. ఎన్ని కంప్యూటర్లున్నాయో అన్ని కప్పలు ఒక్కసారిగా బెకబెకమన్నాయి. వర్షం పడబోతోందేమోనని పక్క వరండాలో బట్టలు ఆరేసినవాళ్ళు పరుగెత్తారు. పిల్లలు కోశారు, తీశారు, తప్పు చేశారు, మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టారు. ఫర్హానా కప్ప గుండెలోంచి రక్తం ఏ దారిన పోతుందో పక్కవాళ్ళకి చూపిస్తూ నవ్వుతోంది. కరుణాకరం కూడా వెనక బెంచీలో ఒక కంప్యూటరు పట్టుకుని కూర్చున్నాడు. ఎవరూ ఆయన్ని పొమ్మనలేదు.

వకుళ తలెత్తి చూసేసరికి గుమ్మంలో విశ్వపతిరాజు నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు.

"అందరి దగ్గరా ఉన్నది అదే కప్పాండి?"

"అదేనండి."

"ఇంతమంది తీసుకున్నా ఎవరికీ తగ్గలేదా?"

"తగ్గలేదండి రాజుగారూ. ఇంకా ఎంతమంది వచ్చినా తగ్గదు."

ఆయన తెరల మీది కప్పల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాడు. "తగ్గకపోతే అది ఆస్తి ఎలా అవుతుందండీ?" అని, జవాబు కోసం చూడకుండా వెళ్ళిపోయాడు.

పరీక్ష అయింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఇంత బాగా కోసిన పిల్లల్ని ఈమధ్య చూడలేదని రాసి వెళ్ళాడు. ఫర్హానా మార్కులు చేతికి రాగానే హైదరాబాదు బస్సెక్కింది. ఆమె తండ్రి వకుళకి ఒక జాకెట్టు కుట్టి పంపించాడు, కొలతలు లేకపోయినా సరిగ్గా సరిపోయింది. ఆ వారమంతా వకుళ ల్యాబు మెట్లు ఎక్కుతూ పాడుకుంది.

ఇక్కడితో అయిపోవాల్సిందే. కానీ ఏడాది చివర గ్రంథాలయం నుంచి ఉపకులపతికి డిజిటల్ వనరుల వినియోగం మీద నివేదిక పంపాల్సి వచ్చింది. విశ్వవిద్యాలయం జీవశాస్త్రాల కోసం కొన్న పత్రికలు, జన్యువుల సమాచార కోశాలు, మొక్కల చిత్రమాలికలు అన్నీ ఎవరూ తాకకుండా గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఒకే ఒక్క వనరును పిల్లలు వేలసార్లు తెరిచారు. అది తొలగించబడినది.

ఉపకులపతి నివేదికను రెండుసార్లు చదివాడు. కారణం ఆయనకు స్పష్టంగా కనిపించింది. వెంటనే ఉత్తర్వు వెలువడింది. 'వనరు శిథిలమైనదని ధ్రువీకరించిన పిమ్మట వినియోగము గణనీయముగా పెరుగుచున్నట్లు అనుభవపూర్వకముగా రుజువైనందున, ఇకమీదట విశ్వవిద్యాలయమునకు వచ్చు ప్రతి డిజిటల్ వనరును మొట్టమొదట శిథిలముగా ప్రకటించి, అనంతరమే వినియోగములోనికి తేవలెను.' శిథిల గ్రంథాల తొలగింపు సంఘానికి అధ్యక్షురాలిగా, ఈ పద్ధతిని కనిపెట్టిన డాక్టర్ మేడిశెట్టి వకుళను నియమించారు.

తొలి విడతకు పెద్ద సభ జరిగింది. ఉపకులపతి జ్యోతి వెలిగించి, కొత్తగా వచ్చిన పత్రికలన్నిటినీ ఒక్క మీట నొక్కి శిథిలం చేశాడు. చప్పట్లు మోగాయి. విశ్వపతిరాజు ముద్ర వేశాడు. అంతా నియమావళి ప్రకారమే జరుగుతున్నందుకు ఆయనకు తృప్తిగానే ఉంది. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల వాళ్ళు వచ్చి ఈ పద్ధతి రాసుకుని వెళ్ళారు.

వకుళకు విడిగా గదిచ్చారు, గుమ్మానికి కర్టెను వేశారు. మొదట్లో ఆమెకు నవ్వొచ్చింది. వచ్చిన ఫైలు వచ్చినట్టే సంతకం చేసి పంపేసేది. అలా పంపిన ఒక పత్రిక ఎక్కడా చెడకుండానే వాడుకలోకి పోయిందని ఆడిట్‌లో అభ్యంతరం వచ్చింది. అప్పటినుంచి కాస్త చూసి సంతకం చేయడం మొదలుపెట్టింది. తర్వాత బాగా చూసి చేయడం మొదలుపెట్టింది. కప్ప క్లాసులు ఇప్పుడు ఎక్కువగా కరుణాకరమే చెబుతున్నాడు. పదవీ విరమణ అయ్యాక ఆయనకు వేరే పనేమీ లేదు.

ఒక మధ్యాహ్నం కర్టెను పక్కకి జరుపుకుని కిరీటి వచ్చాడు. బాటనీలో కొత్తగా చేరిన కుర్రాడు, ముఖంలో ఇంకా ఉత్సాహం ఉంది.

"నమస్తే మేడమ్. మాకు డిజిటల్ మందారం వచ్చిందటండి. ఈ వారమే క్లాసులో పువ్వు భాగాలు చెప్పాలి. పిల్లలు ఎదురుచూస్తున్నారు."

"ఎక్కడ చెడింది?" అని అడిగింది వకుళ, కలం పట్టుకుని.

"చెడలేదండీ. నిన్ననే వచ్చింది."

"రేకలేమైనా ఊడాయా?"

"లేదండి. చాలా బాగుంది."

వకుళ ఆ కుర్రాడి వంక జాలిగా చూసింది. "బాగుంటే నేనేం చేయగలనండీ? పట్టుకెళ్ళి ఏదో ఒకటి ఊడగొట్టి తీసుకురండి. గురువారం సంఘం కూర్చుంటుంది. అది తప్పితే మళ్ళీ సెలవులయ్యాకే."

కిరీటి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మేడమ్, ఊడగొట్టడానికి పర్మిషను ఎవరిస్తారండీ?"

వకుళ కలం పక్కన పెట్టింది. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు ఆలోచించింది. ఆమె ముఖం నెమ్మదిగా వెలిగింది.

"మంచి ప్రశ్న అడిగారు," అంది. "దానికి వేరే సంఘం వెయ్యాలి."